అవ్వ గుంటూరు దాటలేదు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సెలవుల్లో కూలి పనులకు పోయేవాళ్ళు మన గుంపులో చాలామంది ఉన్నారు. అందుకే పాత సంగతి ఒకటి రాస్తున్నాం.

2016 నవంబరు 8, మంగళవారం. రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడి, అర్ధరాత్రి నుంచి 500, 1000 నోట్లు చెల్లవన్నారు. మేం అన్నాచెల్లెళ్ళం అప్పుడు కంభంలో హాస్టల్లో ఉన్నాం. అమ్మ, నాయన, అవ్వ గుంటూరు వైపు పత్తి తియ్యడానికి పోయున్నారు. చేలో గుడిసె, టీవీ ఎక్కడిది? రెండు రోజులకు మేస్త్రీ లెక్కగట్టి నాయన చేతిలో పెట్టినవన్నీ పాత ఐదొందలే. టీ కొట్టాయన తీసుకోనన్నప్పుడు గానీ విషయం తెలియలేదు.

రైలు టికెట్ కౌంటర్లో, ఆర్టీసీ బస్సులో, ప్రభుత్వ ఆసుపత్రిలో, పెట్రోలు బంకులో పాత నోట్లు తీసుకోవాలని ఆర్డరు ఉండింది. మొదట 72 గంటలన్నారు, తర్వాత పెంచారు. నాయనకు ఆ సంగతి చెప్పింది స్టేషన్లో ఎవరో ముసలాయన. టికెట్లయితే దొరికినాయి. తిండికి మాత్రం చిల్లర లేదు, అమ్మానాయనలు కంభం దాకా మంచినీళ్ళతోనే వచ్చారు. ఇక్కడ బ్యాంకు దగ్గర మళ్ళీ లైను. గుర్తింపు కార్డు జెరాక్స్ ఉంటేనే మార్పిడి, అదీ మొదట్లో 4000 దాకానే. జెరాక్స్ కోసం ఒక పూట, లైన్లో రెండు రోజులు పోయినాయి. నవంబరు 24 తర్వాత మార్పిడే లేదు, ఖాతాలో వేసుకోవడమే. దానికి గడువు డిసెంబరు 30.

అవ్వ రాలేదు. అడ్వాన్సు తీరేదాకా మేస్త్రీ పంపనన్నాడు. పోయేముందు ఆమె తండాలో పెట్టెకు తాళమేసి పోయింది, తాళంచెవి ఆమె మొలతాడుకే ఉండింది. సంక్రాంతికి వచ్చి తీస్తే 7 ఐదొందల నోట్లు. మేకను అమ్మిన డబ్బు. బ్యాంకులో గడువు అయిపోయిందన్నారు.

మాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. ఆ రోజుల్లో విదేశాల్లో ఉండి తిరిగొచ్చిన మన దేశస్థులకు రిజర్వు బ్యాంకు 2017 మార్చి 31 దాకా టైమిచ్చింది. ప్రయాణంలో ఉన్నవాళ్ళకు టైమియ్యాలని వాళ్ళకూ తెలుసన్నమాట. అవ్వ గుంటూరు దాటలేదు, అంతే తేడా. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు రెండూ కొన్నేళ్ళు కలిసి నడిచాయి. ఈసారి ఇచ్చింది నాలుగు గంటలు.

2000 నోటును 2023 మే 19న వెనక్కి తీసుకుంటున్నామన్నప్పుడు అంత ఇబ్బంది రాలేదు. నోటు చెల్లదనలేదు, బ్యాంకుల్లో అక్టోబరు 7 దాకా తీసుకున్నారు. తర్వాత రిజర్వు బ్యాంకు ఆఫీసుల్లోనే అన్నారు. ఆ లిస్టులో మనకు దగ్గరివి హైదరాబాదు, చెన్నై, బెంగళూరు. అంత దూరం పోలేనివాళ్ళు పోస్టాఫీసు నుంచి పంపి ఖాతాలో వేయించుకోవచ్చన్నారు. ఎవరింట్లోనైనా బియ్యం డబ్బాలో ఒకటి దొరికితే పారెయ్యొద్దు, ముందు కనుక్కోండి.

పనికి పోయేటప్పుడు కార్డు జెరాక్స్ రెండు పెట్టుకోండి. కూలి ఖాతాలో వేయమని అడగండి, మేస్త్రీ సణుగుతాడు, సణగనీయండి. ఇంట్లో డబ్బు ఎక్కడుందో ఉండేవాళ్ళు ఒకరికి చెప్పి, తాళంచెవి ఇచ్చి పోండి.

ఆ 7 నోట్లు ఇంకా అవ్వ పెట్టెలోనే ఉన్నాయి. పది నోట్ల దాకా దగ్గరుంటే తప్పు లేదని 2017లో చట్టం వచ్చిందని చెప్తే, ‘చెల్లని వాటికి కూడా లెక్కేనా నాయనా?’ అని నవ్వింది.