తొందరకు తావులేని బల్ల

తుపాకి పేలిన తరువాత తూటాలో మిగిలేది ఇత్తడి తొడుగు ఒక్కటే. గుండు దూసుకుపోతుంది, మందు మండిపోతుంది, ఆ మందును రగిలించిన ప్రైమర్ మరి పనికిరాదు. తొడుగు మాత్రం సరిచేసుకుంటే మళ్ళీ మళ్ళీ ఉపకరిస్తుంది. దానిని పారవేయడానికి మనసొప్పని పొదుపరుల వల్లనే ఇంట తూటాలు నింపుకొనే అలవాటు అమెరికాలో వేళ్ళూనింది. 1884లో జాన్ బార్లో నెలకొల్పిన ఐడియల్ సంస్థ ఇందుకు కావలసిన చేతి పనిముట్లను తయారు చేసింది. నేటికీ అక్కడ ఎందరో వేటగాళ్ళ, గురికాండ్ర ఇళ్ళలో ఈ పనికి ప్రత్యేకంగా ఒక బల్ల ఉంటుంది. మన దేశంలో మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తూటాలు తయారు చేయరాదు.

పని క్రమం చెప్పుకొంటే సులభమే. పేలుడుకు ఉబ్బిన తొడుగును డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి పూర్వపు కొలతకు తేవాలి. పాత ప్రైమర్‌ను తీసి కొత్తది అమర్చాలి. తూచిన మందు పోసి, పైన గుండును బిగించాలి. ఈ నొక్కుడు పనులకు సాధనం ప్రెస్సు.

ప్రెస్సులు ముఖ్యంగా రెండు విధాలు. ఒకదానిలో ఒకే డై ఉంటుంది. యాభై తొడుగులకూ ఒక పని పూర్తి చేసిన పిదపనే రెండవ పనికి పోవాలి. రెండవదానిలో పనులన్నీ ఏకకాలంలో సాగి, మీట లాగిన ప్రతిసారీ ఒక తూటా సిద్ధమవుతుంది. కొత్తవారి చూపు సహజంగానే రెండవదానిపై పడుతుంది. అనుభవజ్ఞులు మొదటిదానినే కొనమంటారు. నాలుగైదు పనులు ఒక్కసారి జరుగుతుంటే అన్నిటినీ కనిపెట్టడం అలవాటులేని కంటికి సాధ్యం కాదు.

ఈ జాగ్రత్తకు కారణం లేకపోలేదు. పిస్తోలు తొడుగులో పోయవలసిన మందు చాలాసార్లు సగమైనా నిండదు. పొరపాటున రెండుసార్లు పోసినా అందులో ఇమిడిపోతుంది. పైకి ఆ తూటా మిగిలినవాటి వలెనే కనిపిస్తుంది. పేల్చినప్పుడు తుపాకే బద్దలు కావచ్చు. మందు పోయడం మరచినా ముప్పే. ప్రైమర్ బలానికి గుండు కొంతదూరం కదిలి గొట్టంలో ఇరుక్కుంటుంది. అది గమనించక మరొకటి పేలిస్తే గొట్టం పగులుతుంది. అందుకే మందు పోసిన తొడుగులను గుంటలున్న చెక్కలో వరుసగా నిలిపి, గుండ్లు బిగించక ముందే దీపం వెలుగులో ఒక్కొక్కదానిలోకి తొంగిచూస్తారు. ఆ చెక్క చేసే మేలు ఖరీదైన యంత్రానికి తీసిపోదు.

ప్రెస్సు తరువాత ముఖ్యమైనది త్రాసు. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌనుకు 7000 గ్రెయిన్లు. గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచిన గురిగింజ దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది. గ్రెయినులో పదవవంతును చూపే త్రాసుకు ఫంకా గాలి సోకినా లెక్క తప్పుతుంది. బరువు తెలిసిన రాళ్ళతో ముందుగా దానిని సరిచూడకపోతే ఆ పూట చేసిన తూటాలన్నిటిలోనూ ఒకే తప్పు దొర్లుతుంది.

మందు ఎంత పోయాలో ఊహించి నిర్ణయించరాదు. తయారీదారులు ప్రచురించిన పట్టికలో చూచి, అందులోని కనిష్ఠ పరిమాణంతో మొదలుపెట్టాలి. బల్లపై ఒకేసారి రెండు రకాల మందు ఉండరాదు. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. సీసం విషం గనుక పని ముగియగానే చేతులు కడుక్కోవాలి. ఆ బల్ల దగ్గర తినడం, పొగత్రాగడం కూడదు.

నింపిన తూటాను నింపినవాడే పేలుస్తాడన్న నియమం లేదు. కొడుకు చేతికో, మిత్రుని చేతికో అది పోవచ్చు. వారికి దాని లోపలి సంగతి తెలియదు. కనుక అనుమానం కలిగినదానిని సుత్తివంటి సాధనంతో విప్పి, మందు తీసివేయడమే ధర్మం. నష్టపోయేది కొద్దిపాటి మందు, కొన్ని నిమిషాల కాలం. తొడుగు ఎలాగూ మిగిలే ఉంటుంది.