సండూరు దారిలో స్టీరింగు చమురు

బళ్లారి నుంచి పడమటగా తోరణగల్లు సుమారు 30 కిలోమీటర్లు. ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కనిపించే ఆ చోట ఎడమకు తిరిగితే సండూరు కొండల దారి. ఆ దారిన పోయినవారికి మేము చెప్పనక్కర లేదు. పోనివారికి చెప్పినా నమ్మకం కలుగదు. మట్టి ఎరుపు, ఇళ్ల గోడలు ఎరుపు, వేపాకు ఎరుపు, చివరకు దారి పక్కన నిలబడిన గేదె వీపు కూడా ఎరుపే. అంతా ఇనుపరాతి ధూళి. 2011లో సుప్రీంకోర్టు ఈ జిల్లాలో గనుల తవ్వకం ఆపించినప్పుడు లారీలు తగ్గినవి. తరువాత పరిమితులతో పని మళ్లీ మొదలైంది. దుమ్మూ మొదలైంది.

ఆ కొండలలోని కుమారస్వామి గుడికి సకుటుంబంగా బయలుదేరాము. బండి పాతదే, ఏడుగురు కూర్చునేది. మా మామగారు రాయదుర్గం మనిషి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరి, బళ్లారి మైసూరుకు పోయిన సంగతి ఆయన ఏ ప్రయాణంలోనూ ఎత్తక మానరు. "గీత గీసినవాళ్లు పెళ్లిసంబంధాలు చూసుకోలేదప్పా" అంటారు. నిజమే, మా ఇళ్లలో సగం చుట్టరికాలు ఆ గీతకు అవతలే ఉన్నవి.

కొండ మలుపులు మొదలయ్యేసరికి బండి ముందుభాగంలో మూలుగు వినిపించింది. స్టీరింగు తిప్పినప్పుడే మూలుగు, వదిలితే లేదు. మూడవ మలుపులో చక్రం రాయిలా బరువెక్కింది. ఎదురుగా రాతిలారీ. పక్కకు నిలిపి బానెట్టు ఎత్తి చూస్తే స్టీరింగు చమురు డబ్బాలో అడుగు గీత క్రిందకు పోయి ఉన్నది. క్రింద నేల చూస్తే ఏమీ తెలియలేదు. ఆ చమురు ఎర్రనిది, ఈ నేలా ఎర్రనిదే! నల్లరేగడిలోనో సిమెంటు గచ్చు మీదనో అయితే బొట్టు పడ్డ పూటే కనిపించేది. సీసాడు చమురు కొని పోసుకొని మెల్లగా ఇంటికి చేరాము.

ఈ చమురు పని ఏమిటో తెలియనివారికి రెండు ముక్కలు. ఇంజను బెల్టుతో తిరిగే చిన్న పంపు ఒకటి ఈ చమురును వత్తిడితో తోస్తుంది. మనం చక్రం తిప్పిన వైపుకు ఆ వత్తిడి సాయం పడుతుంది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే దీనిని ఒక కారుకు అమర్చి చూపించాడు. అమ్మకపు కార్లలోకి వచ్చినది మాత్రం 1951లో, క్రైస్లర్ కంపెనీ ద్వారా. చమురు పోయినంత మాత్రాన స్టీరింగు ఊడిపోదు, చేతిబలంతో తిరుగుతుంది. కాని మలుపులో అకస్మాత్తుగా బరువెక్కితే ఆ తేడాయే ప్రమాదం. పైగా చమురు లేకుండా నడిపితే పంపు అరిగి చెడుతుంది. ఇప్పటి కొత్త కార్లలో చాలావాటికి కరెంటు మోటారే ఈ పని చేస్తున్నది, వాటికి ఈ చమురు గొడవ లేదు.

పై ఆదివారం రాయదుర్గంలో మా మరదలి కూతురి పెళ్లి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, బస్సెక్కలేరు. మర్నాడు ఒక పెద్ద గ్యారేజీకి పోయాము. అక్కడివారు బండి క్రింద ఒకసారి టార్చి వేసి, "రాక్ మొత్తం మార్చాలి" అన్నారు. చెప్పిన ధర ఒక గుమాస్తా నెల జీతాన్ని మింగేది. పొరుగింటాయన మరో సలహా ఇచ్చాడు, బజారులో దొరికే కారుడు ఆపే మందు పోయమని. అది రబ్బరు సీళ్లను ఉబ్బించి, కొద్దిపాటి చెమ్మ అయితే కొన్నాళ్లు ఆపుతుంది. పగిలిన పైపుకు అది ఏ విధంగానూ మందు కాదు.

మామగారి మాట మీద కౌల్‌బజారు వైపు ఒక చిన్న షెడ్డుకు తీసుకుపోయాము. మేస్త్రి ముప్పై ఏళ్ల లోపువాడు, సగం కన్నడం, సగం తెలుగు. పానా ముట్టుకోలేదు. ముందు బండి క్రింద దుమ్మూ జిడ్డూ అంతా కడిగించాడు, గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. తరువాత తెల్ల కాగితాలు పరచి ఇంజను వేసి, మమ్మల్ని స్టీరింగు అటూ ఇటూ తిప్పమన్నాడు. చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకోవద్దని కూడా చెప్పాడు. అప్పుడు వత్తిడి మితిమీరుతుందట. పది నిమిషాలకు కాగితం మీద బొట్టు పడింది, రాక్ క్రిందనే. మా గుండె జారింది.

"ఇల్లి నోడి సార్, ఇక్కడ చూడండి" అని వేలితో పైకి చూపించాడు. పంపు నుంచి వచ్చే వత్తిడి పైపుకు రబ్బరూ ఇనుమూ కలిసే చోట బిగించిన పట్టీ ఉన్నది. దాని అంచున చెమ్మ. ఆ చెమ్మ ఇనుప పైపు వెంట జారి రాక్ మీదికి దిగి, అక్కడినుంచి బొట్టుగా పడుతున్నది. టార్చి వేసినవారు బొట్టును చూచారు, దారిని చూడలేదు. అంతటితో తృప్తిపడక, రాక్ రెండు కొసల రబ్బరు బూట్ల క్లిప్పులు వదులు చేసి చూశాడు. లోపలి సీలు పోతే బూటులో చమురు నిలుస్తుంది. రెండూ పొడిగానే ఉన్నవి. అయితే ఎడమ బూటు చిరిగి లోపల చెంచాడు ఎర్రదుమ్ము చేరి ఉన్నది. "ఇంకో ఆర్నెల్లు ఇలాగే తిరిగింటే ఈ దుమ్మే కడ్డీని గీకి, సీలును తినేసుండేది పెద్దాయనా" అన్నాడు మామగారితో. కడ్డీ గీతలు పడితే ఎన్ని కొత్త సీళ్లు వేసినా నిలవవట. గనుల సీమలో బూటు చిరగడం చిన్న సంగతి కాదని అప్పుడు తెలిసింది.

వత్తిడి పైపుకు క్లిప్పు బిగించి సరిపెట్టరాదు. చమురు తిరిగివచ్చే పైపుకైతే క్లిప్పు చాలును గాని, దీనికి మొత్తం పైపే మార్చాలి. ఆ సామాను బెంగళూరు నుంచి రావడానికి వారం పడుతుందన్నారు. ఇక్కడ గనుల పుణ్యమా అని జేసీబీ యంత్రాలకు హోజ్ పైపులు నొక్కి అమర్చే దుకాణాలున్నవి. స్టీరింగు చమురుకు, ఆ వేడికి, ఆ వత్తిడికి తగిన రకమేనని అడిగి చూచుకొని, మేస్త్రి పాత కొసలకు కొత్త రబ్బరు నొక్కించి తెచ్చాడు. రాగి వాషర్లు పాతవి మళ్లీ వేయలేదు. బూటు కొత్తది వేసి, కడ్డీని శుభ్రంగా తుడిచాడు.

తరువాత గాలి తీయుట. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజను వేయకుండానే చక్రాన్ని నెమ్మదిగా అటూ ఇటూ ఇరవైసార్లు తిప్పించాడు. చమురు తగ్గినకొద్దీ పోస్తూ వచ్చాడు. తరువాతనే ఇంజను. డబ్బాలో నురగ ఉన్నంతసేపు లోపల గాలి ఉన్నట్టే. నురగ పోయింది, మూలుగూ పోయింది. చమురు మాత్రం బండి పుస్తకంలో చెప్పిన రకమే పోశాడు. బ్రేకు చమురు పోస్తే సీళ్లన్నీ చెడతాయని, అలాంటి బండి ఒకటి షెడ్డు మూలన చూపించాడు. మొత్తం ఖర్చు గ్యారేజీవారు చెప్పినదానిలో పదోవంతు కూడా కాలేదు.

ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి ముహూర్తానికి ముందే రాయదుర్గం చేరాము. విడిదింటి ముందు గచ్చు తెల్లగా ఉన్నది. అందరూ ఫలహారాలకు లోపలికి పోతే, మామగారు మాత్రం పంచె ఎత్తి కట్టుకొని బండి క్రిందకు వంగి చూస్తున్నారు. గచ్చు మీద ఒక్క బొట్టు కూడా లేదు.