సిస్టర్ చాదస్తమే శ్రీరామరక్ష

మాది జనగామ. కిడ్నీలు పాడైన మా అత్తమ్మకు డయాలసిస్ కోసం మెడ దగ్గర గొట్టం వేశారు. ఇది సెలైన్ సూదిలాంటిది కాదు, గుండె దగ్గరి పెద్ద రక్తనాళం దాకా వెళ్తుంది. దాని వెంట క్రిములు పోతే నేరుగా రక్తంలోనే కలుస్తాయి.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనిస్తామా మనం? సిస్టర్ పద్ధతీ అంతే. చేతులు కడగనిదే గొట్టం ముట్టదు. మూతను మందు దూదితో పావు నిమిషం రుద్ది, ఆరాకే మిషనుకు కలుపుతుంది. కట్టు మీద తేదీ రాస్తుంది, తడిస్తే వెంటనే మార్చేస్తుంది.

మానుకోట నుంచి వచ్చిన మా ఆడబిడ్డ "గింత చాదస్తమా సిస్టర్?" అంది. "ఈ చాదస్తం వల్లే అమ్మకు చలిజ్వరం రాలేదక్కా" అంది ఆమె నవ్వుతూ. నిజమే. చేతికి ఫిస్టులా సిద్ధమై గొట్టం తీసేసేదాకా అత్తమ్మకు ఒక్కనాడూ జ్వరం రాలేదు.

అమెరికాలోని మిషిగన్‌లో వందకు పైగా ఐ.సి.యు.లు ఇలాంటి ఐదు జాగ్రత్తలు పాటిస్తే ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయని 2006లో వెల్లడైంది. అక్కడ ఒక్కటి మరిచినా డాక్టరునే ఆపే అధికారం నర్సుకిచ్చారట!

2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలొచ్చాయి. పెద్ద వైద్యం మన దగ్గరికే వస్తోంది. గొట్టం వేసేది డాక్టరైనా కాపాడేది సిస్టరే. ఆమె "ముట్టకండి" అంటే చిన్నబుచ్చుకోకండి. స్నానంలో కట్టు తడవకుండా చూడటం, చలిజ్వరమొస్తే వెంటనే చెప్పడం మన వంతు.