భూచక్రంలా తిరిగిన శాటిలైట్

న్యూజెర్సీలో ఎండ కాస్తే మనవాళ్లంతా బీచ్‌కే. నేనూ అటే బయల్దేరి, దారిలో వాల్ టౌన్‌షిప్‌లో కారు ఆపేశాను. కారణం మా అమ్మమ్మ. ఆమెది దివిసీమ. 1977 ఉప్పెన కథలు వింటూ పెరిగినవాణ్ణి కదా, తుపాను మాటెత్తితే ఆగిపోతాను.

అక్కడ క్యాంప్ ఎవాన్స్ అనే పాత మిలిటరీ స్థావరం ఉంది. ఇప్పుడది మ్యూజియం. లోపల 60 అడుగుల డిష్. 1960 ఏప్రిల్ 1న మొదటి వాతావరణ శాటిలైట్ టైరోస్-1 పంపిన మేఘాల ఫొటోలు దీనికే అందాయి. ఆ రోజే వాషింగ్టన్ వెళ్లి ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ చేతికీ చేరాయి.

నన్ను పట్టేసింది మాత్రం డిష్ కాదు, ఆ శాటిలైట్ తిరుగుడు. బొంగరం వేగంగా తిరిగినంతసేపే నిలబడుతుంది కదా? టైరోస్ కూడా అంతే. రాకెట్ నుంచి విడిపోయేటప్పుడు నిమిషానికి 130 చుట్లకు పైగా తిరుగుతోంది. అంత స్పీడులో ఫొటోలేం వస్తాయి? అందుకే తీగలకు కట్టిన రెండు బరువుల్ని బయటికి వదిలి, 12 చుట్లకు దించారు.

అసలు తిప్పలు ఆ తర్వాతే. భూమి అయస్కాంత శక్తి దాని లోహంలో కరెంటు పుట్టించి, మెల్లమెల్లగా బ్రేక్ వేస్తుంది. 8 కంటే తగ్గనివ్వకూడదు. తగ్గితే ఊగిపోతుంది.

దానికి మందు అడుగు అంచున బిగించిన బుల్లి రాకెట్లు. ఐదు జతలు. ఎదురెదురుగా ఉన్న రెండింటినీ నేల మీంచి ఒకేసారి వెలిగిస్తే, అచ్చం దీపావళి భూచక్రమే! లోపల ఘన ఇంధనం. అంటుకుందా, మధ్యలో ఆపలేం. ఒక జత ఒక్కసారికే. మొత్తం ఐదే ఛాన్సులు. మనం ఫోన్ చార్జింగ్ 5 శాతానికొస్తేనే కంగారుపడతాం!

చివరికి కరెంటు వ్యవస్థ చెడి, 78 రోజులకు టైరోస్ పని ఆగింది. అప్పటికి దాదాపు 23 వేల ఫొటోలు పంపింది. మూగబోయినా ఇంకా పైనే తిరుగుతోంది.

రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. ఓపిగ్గా విని, "అరవైలోనే చూశారంటావు. మరి డెబ్బై ఏడులో మాకెవరూ చెప్పలేదేరా?" అంది.

నాకు మాట రాలేదు.