కంపైలర్‌కు చెప్పని మాట

సీ భాషలో ప్రోగ్రాము రాస్తూ, మధ్యలో నాలుగు ముక్కలు నేరుగా ప్రాసెసర్ భాషలోనే చెప్పెయ్యొచ్చు. దాన్ని ఇన్‌లైన్ అసెంబ్లీ అంటారు. దాంతో అవసరం పడేది అరుదు. పడ్డవాడికి మాత్రం కంటి మీద కునుకుండదు.

మా అన్న కొడుకు హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో కొత్తగా చేరాడు. పండక్కి పానగల్ వచ్చాడన్న మాటే గానీ, వాడకట్టంతా బతుకమ్మ ఆడుతుంటే వీడు ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"కంపైలరే ఖరాబైంది చిన్నాయనా" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. కంపైలర్‌లో తప్పు దొరకడం ఎంత అరుదో తెలుసు. "ఏదీ, జర చూపియ్" అన్నాను.

ఒక ఫంక్షన్ నడవడానికి ఎంత సమయం పడుతుందో వెయ్యిసార్లు కొలిచి సగటు తియ్యాలి. దానికోసం ప్రాసెసర్ లోపలి గడియారాన్ని చదివే ఆర్‌డీటీఎస్‌సీ అనే ఆదేశం వాడారు. అంతకు ముందున్న పనులన్నీ ముగిశాకే అది నడవాలని, దాని ముందు సీపీయూఐడీ అనే మరో ఆదేశం పెట్టారు. ఇలా చెయ్యడం మామూలే. ఆ ముక్క రాసినాయన కంపెనీ వదిలి వెళ్లిపోయాడట.

మామూలుగా కంపైల్ చేస్తే అంతా బాగుంది. వేగం కోసం ఆప్టిమైజేషన్ పెడితే లూప్ ఆగడం లేదు. ఏం జరుగుతోందో చూద్దామని లోపల ఒక ప్రింట్‌ఎఫ్ పెడితే బుద్ధిగా వెయ్యి దగ్గర ఆగుతోంది. తీసేస్తే మళ్లీ మొదటికే. మూడు వారాల నుంచి ఇదే భాగోతం.

"మా పైనాయన ఆ ప్రింట్ అట్లనే ఉంచి పంపెయ్ అంటుండు. సోమవారం ఇయ్యాలె. నా పేరు మీద పోతది చిన్నాయనా, రేపు ఇంకోకాడ ఆగితే?"

ఆ మాట నాకు నచ్చింది. ఎందుకు పోయిందో తెలియని జబ్బు పోయినట్టు కాదు.

నడుస్తున్న లూపును డీబగ్గర్‌తో ఒకేచోట ఆపి లెక్కింపు చూశాం. 1970169159. ఎన్నిసార్లు ఆపినా అదే. వాడు "చెత్త విలువ" అన్నాడు. ఇంత నిలకడగా ఉండే చెత్తను నేనెప్పుడూ చూడలేదు. పదహారు ఆధారంగా రాస్తే 756ఈ6547. ఈ ప్రాసెసర్లు చిన్న కొస నుంచి దాచుకుంటాయి కాబట్టి వెనక నుంచి రెండేసి అంకెలుగా తీసుకుని అక్షరాలుగా చదివాం. జి, ఇ, ఎన్, యు. 'జెన్యూయిన్ ఇంటెల్' అనే పేరులో మొదటి నాలుగు అక్షరాలు! సీపీయూఐడీని సున్నా నంబరు ప్రశ్న అడిగితే తయారీదారు పేరును నాలుగేసి అక్షరాలుగా మూడు రిజిస్టర్లలో పెట్టి ఇస్తుంది. మొదటి ముక్క ఈబీఎక్స్‌లో. (అదే ఏఎండీ ప్రాసెసర్ అయితే 1752462657 కనబడేది.)

కంపైలర్ ఆ అసెంబ్లీ ముక్కను చదివి అర్థం చేసుకోదు. ఉన్నదున్నట్టు కింది అంచెకు అందిస్తుంది. అది ఏ రిజిస్టర్లను పాడుచేస్తుందో మనమే జాబితా రాసివ్వాలి. పాత ఉద్యోగి ఈసీఎక్స్, ఈడీఎక్స్ రాశాడు, ఈబీఎక్స్ రాయలేదు. కంపైలర్ నమ్మింది. లెక్కింపును ఈబీఎక్స్‌లోనే పెట్టుకుంది. ప్రతి చుట్టులో ఇంటెల్ పేరు వచ్చి దాని మీద కూర్చుంది. ఉదయసముద్రం తూము ఎత్తినవాడు నీరటికాడికి చెప్పకపోతే ఎవరి మడి మునుగుతుందో ఎవరికి తెలుసు?

ఆప్టిమైజేషన్ లేనప్పుడు లెక్కింపు మెమరీలో ఉంటుంది కాబట్టి బతికిపోయింది. ప్రింట్ పెట్టినప్పుడు రిజిస్టర్ల పంపకం మారి తప్పించుకుంది. అయితే అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈబీఎక్స్‌ను వాడుకున్న ఫంక్షన్, పాత విలువను జాగ్రత్తగా తిరిగి అప్పగించాలన్నది ఒప్పందం. పాడవుతున్నట్టే తెలియని కంపైలర్ దాన్ని దాచదు. అప్పుడు దెబ్బ తగిలేది ఈ ఫంక్షన్‌కు కాదు, దీన్ని పిలిచినవాడికి.

మా ఊరి ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా లింగం మీద పడే నీడ ఏ స్తంభానిదో అని వచ్చినవాళ్లంతా వెతుకుతారు. అది ఒక్క స్తంభానిది కాదు. పలు దిక్కుల నుంచి చెదిరి వచ్చే వెలుగు, స్తంభాల అమరిక కలిసి చేసే పని. మావాడికి అదే చెప్పాను, లూప్ దగ్గరే వెతుకుతూ మూడు వారాలు పోగొట్టుకున్నావని.

మా తరం అమీర్‌పేట సందుల్లో, కాలేజీ ల్యాబుల్లో టర్బో సీ మీద నేర్చుకుంది. బోర్లాండ్ దాన్ని 1987లో తెచ్చింది. స్టాల్‌మన్ జీసీసీని విడుదల చేసిందీ అదే ఏడాది. డాస్ పోయాక కూడా మన ల్యాబులు టర్బో సీని ఏళ్ల తరబడి వదల్లేదు. అది పెద్దగా ఆప్టిమైజ్ చేసే రకం కాదు. అక్కడ 'నడిచింది కాబట్టి సరైనదే' అని అలవాటైన చేతులు జీసీసీ దగ్గరా అలాగే రాశాయి. ఇప్పుడైతే సీపీయూఐడీకి, గడియారానికి కంపైలర్లే సిద్ధంగా ఫంక్షన్లు ఇస్తున్నాయి, అసెంబ్లీ జోలికే పోనక్కర్లేదు.

జాబితాలో ఈబీఎక్స్ చేర్చాం. ప్రింట్ తీసేశాం. వెయ్యి దగ్గర ఆగింది. మావాడు ల్యాప్‌టాప్ మూసి, ప్లేటు నిండా సద్దులు తెచ్చుకున్నాడు.

సోమవారం రాత్రి ఫోన్ చేశాడు. అదే ముక్క మరో నాలుగు ఫైళ్లలో అచ్చంగా అలాగే ఉందట. రెండింట్లో పక్కనే ఒక ప్రింట్, దాని మీద ఒక వ్యాఖ్య కూడా ఉన్నాయట: 'దీన్ని తీయవద్దు'.