కళ్ళద్దాల ఆటగాడి బొమ్మ

మా ఇద్దరివీ పల్లెటూళ్ళే. మా చిన్నతనంలో అగ్గిపెట్టెల బొమ్మలు పోగుచెయ్యని పిల్లవాడు ఊళ్ళో ఉండేవాడు కాదు. సంతలోనూ, బస్సు ఆగే చోటా పారేసిన పెట్టెలు ఏరుకొని, నీళ్ళలో తడిపి, పైకాగితం చిరగకుండా ఊడదీసి, పాత నోటు పుస్తకంలో అన్నం మెతుకులతో అంటించుకొనేవాళ్ళం. ఒకే బొమ్మ రెండుంటే ఒకటి ఇచ్చి, మన దగ్గర లేనిది తెచ్చుకొనేవాళ్ళం. ఒక పులికి రెండు ఓడలు. ఈ లెక్క ఎవరు కట్టారో తెలియదు గాని ఊరంతటా అదే చెల్లేది.

అందుచేత 1988లో, అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో మేము కాపురముండగా, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి బేస్‌బాల్ కార్డుల కోసం మారాం చేస్తే మాకు వింతగా తోచలేదు. మన పిల్లవాడే గదా అని నవ్వుకున్నాం.

బేస్‌బాల్ అంటే మన బిళ్ళంగోడుకూ క్రికెట్టుకూ నడుమ ఉండే ఆట అనుకోండి. కార్డు అంటే ఒక ఆటగాడి ఫోటో అచ్చువేసిన అట్టముక్క. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. ముందు బొమ్మ ఉంటుంది. వెనుక అతడు పుట్టిన ఊరు, ఎత్తు, బరువు, ఏ సంవత్సరం ఎలా ఆడాడో ఆ లెక్కలన్నీ చీమల్లాంటి అక్షరాలలో ఉంటాయి. పదీ పదిహేను కార్డులు ఒక పొట్లంగా అమ్మేవారు. లోపల ఎవరి బొమ్మ ఉందో విప్పేదాకా తెలియదు. పిల్లల ప్రాణమంతా ఆ విప్పడంలోనే ఉండేది. టాప్స్ అనే కంపెనీ పొట్లంలో గులాబి రంగు బబుల్ గమ్ రేకు కూడా ఒకటి ఉండేది. నోట్లో వేసుకుంటే పెంకులాగా విరిగేది. 1992లో ఆ గమ్ము పెట్టడం మానేశారు. ఎవరూ దుఃఖపడి ఉండరు.

నిజానికి ఈ కార్డులు పుట్టింది పిల్లల కోసం కాదు. 1880ల దినాలలో సిగరెట్టు కంపెనీలు పెట్టె నలగకుండా లోపల ఒక అట్ట పెట్టేవి. దాని మీద ఆటగాళ్ళ బొమ్మలు వేస్తే అమ్మకం పెరుగుతుందని కనిపెట్టాయి. 1909 నుండి 1911 వరకు అలా వచ్చిన వరుసలో హోనస్ వాగ్నర్ అనే గొప్ప ఆటగాడి బొమ్మను కొద్దికాలానికే ఆపివేశారు. తన బొమ్మ కోసం చిన్నపిల్లలు పొగాకు కొనడం ఆయనకు ఇష్టం లేదని కొందరంటారు, డబ్బు దగ్గర తేడా వచ్చిందని మరికొందరంటారు. మాకు మొదటి మాటే నమ్మాలని ఉంటుంది. ఆపివేసినందున ఆ బొమ్మలు పదుల సంఖ్యలోనే మిగిలాయి. 2022లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడయింది. 1952లో టాప్స్ వేసిన మికీ మాంటిల్ బొమ్మ కథ ఇంకా విచిత్రం. అమ్ముడుపోని పెట్టెలు గోదాములో చోటు తింటున్నాయని 1960లో పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీ ఉద్యోగి సై బెర్గర్ తానే చెప్పేవాడు. మునగకుండా మిగిలినవాటిలో ఒకటి 2022లో ఒక కోటి 26 లక్షల డాలర్లు పలికింది.

మేమక్కడ ఉన్న దినాలలో ధరలు ఇంతగా పెరగలేదు గాని, ఫలానావాళ్ళ అటక మీద దొరికిన పాత బొమ్మకు వేల డాలర్లు వచ్చాయనే కబుర్లు అప్పుడే మొదలయ్యాయి. మా రాష్ట్రంలోనే బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం బోధించిన జేమ్స్ బెకెట్ అనే ఆచార్యుడు 1984 నుండి నెలనెలా ఒక ధరల పుస్తకం వేసేవాడు. ఏ కార్డు ఎంత, ఏది పెరిగింది, ఏది తగ్గింది అని పైకీ కిందికీ బాణం గుర్తులు ఉండేవి. మావాడు బడి పుస్తకం కంటే శ్రద్ధగా దానిని చదివేవాడు. వాడిని ఏమనగలం? మేము మాత్రం తక్కువ తిన్నామా? 1990లోనూ 1991లోనూ ఆ సంవత్సరపు కార్డులన్నీ కలిపి సీలు వేసి అమ్మే పెట్టెలు నాలుగేసి కొని, విప్పకుండా అటక మీద పెట్టాం. పిల్లవాడు కాలేజీకి వెళ్ళేనాటికి ఫీజుకు పనికివస్తాయని మా లెక్క. ఇక్కడ మనవాళ్ళు ఊరి చివర స్థలం కొని పడేసినట్టు.

1989 ఆగస్టు 24న పీట్ రోజ్‌ను ఆట నుండి శాశ్వతంగా బహిష్కరించారు. ఆయన సిన్సినాటిలోనే పుట్టినవాడు. 4,256 హిట్లతో ఆ ఆటలో అందరికంటే పైన ఉన్నవాడు. అప్పటికి మా ఊరి రెడ్స్ జట్టుకు మేనేజరు. జూదం కారణం. (ఎన్నో ఏళ్ళు కాదు కాదని, 2004లో ఒప్పుకున్నాడు. 2024లో చనిపోయాడు. ఆ తరువాతి సంవత్సరం బహిష్కారం తీసివేశారు.) ఆ రాత్రి టీవీలో వార్త చూసి ఊరంతా చావు ఇల్లులా ఉంటే, మావాడు తన పుస్తకంలోని రోజ్ బొమ్మలు లెక్కపెట్టుకొని, “నాన్నా, ఇప్పుడు వీటి ధర తగ్గుతుందా, పెరుగుతుందా?” అని అడిగాడు. మేము నవ్వాం. తెలివిగలవాడని వచ్చినవాళ్ళకు చెప్పుకున్నాం కూడా.

ఆ నగరంలో పది పన్నెండు తెలుగు కుటుంబాలు నెలకొక శనివారం ఒకరింట్లో ప్రార్థనకు కూడుకొనేవాళ్ళం. పెద్దలు పైన హాలులో, పిల్లలు కింద బేస్‌మెంటులో. పైన మేము పాటలు పాడుతుంటే కింద తివాచీ మీద కార్డుల బేరాలు సాగేవి. 1990 అక్టోబరులో రెడ్స్ జట్టు ఓక్లండ్‌ను వరుసగా నాలుగు ఆటల్లో ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ శీతాకాలమంతా పిల్లలకు వేరే మాట లేదు.

ఆ చలిలోనే ఒక శనివారం ఇంటికి వస్తుండగా కారులో మావాడు జేబులో నుంచి ఒక కార్డు తీసి చూపించాడు. కెన్ గ్రిఫీ జూనియర్ బొమ్మ. అప్పర్ డెక్ అనే కొత్త కంపెనీ 1989లో వేసిన మొదటి వరుసలో మొదటి నంబరు కార్డు. ఈ గ్రిఫీ సిన్సినాటిలో పెరిగిన కుర్రవాడు. తండ్రి రెడ్స్ జట్టులో ఆడినవాడు. 1990లో తండ్రీ కొడుకులు సియాటిల్ జట్టులో పక్కపక్కన ఆడి దేశమంతటినీ ఆశ్చర్యపరిచారు. ఆ కార్డు ధర డాలర్లలో పెరుగుతూ ఉంది. మావాడి పుస్తకంలోని తక్కినవి చాలా మట్టుకు సెంట్లలో ఉండేవి.

“ఏమిచ్చి తెచ్చావురా?”

“క్రిస్ సేబోది ఒకటి, ఇంకో ఐదు రెడ్స్‌వి.”

“భలేవాడివిరా!” అన్నాం మాలో ఒకరం. ఎవరమన్నది ఇక్కడ చెప్పం.

ఎవరి దగ్గర తెచ్చాడంటే, మా గుంపులో అందరికంటే చిన్నవాడైన ఏడేళ్ళ పిల్లవాడి దగ్గర. మావాడిని “అన్నా, అన్నా” అని వెంటబడి తిరిగేవాడు. ఇంతలో వెనుక సీటులో నిద్రపోతున్నదనుకున్న మా చిన్నమ్మాయి కళ్ళు తెరవకుండానే, “అన్నయ్య ధరల పుస్తకం సోఫా కింద దాచాడు,” అన్నది.

ఇల్లు చేరేదాకా ఎవరమూ మాట్లాడలేదు.

తరువాత సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది గాని రాయకపోతే ఈ వ్యాసమే అనవసరం. మేము ఏమీ చెయ్యలేదు. పిల్లల బేరాలు పిల్లలవి, మనం కల్పించుకుంటే రెండు కుటుంబాల మధ్య అనవసరంగా మాట వస్తుందని సర్దిచెప్పుకున్నాం. మావాడికి సమాధానం సిద్ధంగా ఉంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1990లో ఒక బాలుడు 1,200 డాలర్ల నోలన్ ర్యాన్ కార్డును, అంగట్లో కొత్తగా చేరిన మనిషి చీటీని సరిగా చదవలేక 12 డాలర్లకే ఇస్తే కొనుక్కుపోయాడు. అంగడివాడు దావా వేశాడు. అది పత్రికల్లో పడింది. “ఆ అబ్బాయి వెనక్కి ఇవ్వలేదుగా నాన్నా, వాళ్ళు అమ్మారు, వాడు కొన్నాడు,” అనేవాడు. 1991లో ఆ ఇద్దరూ రాజీపడి, కార్డును వేలం వేసి ఆ డబ్బు ధర్మకార్యాలకు ఇవ్వడానికి ఒప్పుకున్నారని తరువాత చదివాం.

రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఆ పిల్లవాడి తల్లి ఫోను చేసింది. “అక్కా, మావాడు పుట్టినరోజుకు వాళ్ళ నాన్న కొనిచ్చిన కార్డు ఎక్కడో పోగొట్టాడు. అడిగితే ఏడుపే గాని మాట లేదు. ఆయన రాత్రి డ్యూటీలు అదనంగా చేసి కొన్నారు. మీవాడికి ఏమైనా తెలుసేమో కనుక్కుంటారా?”

మావాడు పక్కనే నిలబడి విన్నాడు. ఫోను పెట్టేసిన తరువాత మేము వాడినేమీ అడగలేదు. వాడే వెళ్ళి బూట్లు వేసుకున్నాడు.

మంచు పడుతున్నది. అరగంట దారి. ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర అందరం కూర్చున్నాక మావాడు గ్రిఫీని తీసి బల్ల మీద పెట్టాడు. పిల్లవాడి తండ్రికి విషయం అర్థమై, పోయిందని ఎందుకు అబద్ధమాడావురా అని కొడుకు మీద కేక వేశాడు. అప్పుడు మావాడు, “తప్పు నాది అంకుల్. దీని ధర నాకు తెలుసు. తనకు తెలియకూడదని పుస్తకం దాచాను,” అన్నాడు. ఆ మాట వాడి నోట మేము వినడం అదే మొదలు. మేము అడగనూ లేదు గదా.

కథ ఇక్కడ తేలికగా ముగుస్తుందనుకున్నాం. కాని ఆ చిన్నవాడు లోపలికి పరుగెత్తి, సేబో బొమ్మ తెచ్చి రెండు చేతులతో గుండెకు అదుముకొని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. ఇవ్వనంటాడు. గ్రిఫీ వద్దంటాడు. “నీది నీకు వచ్చింది గదరా, అన్నది అన్నకు ఇచ్చెయ్యి,” అని తల్లి బతిమాలుతున్నది. వాడు ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు పైకి తోసుకొని, “గ్రిఫీకి కళ్ళద్దాలు లేవు,” అన్నాడు.

క్రిస్ సేబో రెడ్స్ జట్టులో మూడో బేసు దగ్గర ఆడేవాడు. తలకు పట్టీతో బిగించిన పెద్ద కళ్ళద్దాలు పెట్టుకొని ఆడేవాడు. ఆ వరల్డ్ సిరీస్ మూడో ఆటలో బంతిని రెండుసార్లు మైదానం అవతలికి కొట్టాడు. ఈ పిల్లవాడికి ఐదో యేటనే కళ్ళద్దాలు వచ్చాయి. బళ్ళో వెక్కిరించేవారట. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. వాడి లెక్కలో ఆ బేరంలో మోసపోయింది మా అబ్బాయి!

మావాడు చాలాసేపు ఆ రెండు బొమ్మల వంక చూశాడు. ఈ బేరానికి వాడి పుస్తకంలో బాణం గుర్తు ఎక్కడా లేదు. చివరకు గ్రిఫీని వాడి ముందుకు జరిపి, “రెండూ నీవే ఉంచుకో,” అన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. సేబో బొమ్మకు డబ్బు ఇస్తానన్నాడు. ఎంత అని అడిగితే మావాడు “పది సెంట్లు” అన్నాడు. ఆయన సొరుగు వెదికి ఒక పది సెంట్ల బిళ్ళ తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పప్పుచారు, అప్పడాలతో భోంచేసి వచ్చాం.

తరువాతివన్నీ త్వరగా జరిగిపోయాయి. 1994 ఆగస్టులో ఆటగాళ్ళు సమ్మె చేశారు. ఆ సంవత్సరం వరల్డ్ సిరీసే జరగలేదు. అప్పటికే మావాడికి కార్డుల మీద మోజు తగ్గింది. కాలేజీకి వెళ్ళేనాటికి మా అటక మీది పెట్టెల ధర కొన్నదానికంటే తక్కువే ఉంది. కంపెనీలు ఆ సంవత్సరాలలో లెక్కలేనన్ని అచ్చువేశాయి. మాలాగే ప్రతి ఇంటివాళ్ళూ విప్పకుండా దాచారు. ముసలి కార్డులకు విలువ వచ్చింది తల్లులు వాటిని పారేసినందుకు అన్న చిన్న విషయం మా ఎవరికీ తట్టలేదు. 2019లో ఇల్లు అమ్మేటప్పుడు ఆ పెట్టెలు ఒక అంగడికి తీసుకువెళ్ళాం. అక్కడి ముసలాయన సీలు చూసి, విప్పనైనా విప్పకుండా, ఇటువంటివి తన వెనుక గదిలో పైకప్పు దాకా ఉన్నాయని చూపించాడు. కాఫీ మాత్రం ఇచ్చాడు.

ఆ రాత్రి మావాడు ఆ చిన్నవాడికి ఫోను చేశాడు. చిన్నవాడేమిటి, ఇద్దరు బిడ్డల తండ్రి, ఇంజనీరు. గ్రిఫీ ఉన్నాడా అని అడిగితే, కాలేజీలో మొదటి సంవత్సరం పుస్తకాలు కొనడానికి అమ్మేశాడట. సేబో మాత్రం ఆఫీసులో బల్ల సొరుగులో, అదే ప్లాస్టిక్ తొడుగులో ఉన్నాడట. కళ్ళకు ఆపరేషను చేయించుకొని, కళ్ళద్దాలు తీసేసి ఆరేళ్ళయిందట.