సిరాకూజా గోడలో గుడి స్తంభాలు

అక్టోబరు 14, సోమవారం. ఒర్తీజియా

సాయంత్రం సిరాకూజా పాతబస్తీ ఒర్తీజియాలో, కెథెడ్రల్ ముందున్న దువోమో చౌకు చేరాం. ఇరుకు సందులోంచి బయటపడగానే ఎదుట విశాలమైన ఖాళీ. నేల, మేడలు, చర్చి అన్నీ తెల్లటి సున్నపురాయి. పొద్దు వాలేకొద్దీ ఆ రాయి తేనెరంగుకు తిరిగింది. చర్చి ముఖం పడమటికి కాబట్టి ఎండంతా దాని మీదే ఉంది. 1693 జనవరి భూకంపంలో పాత ముఖభాగం పోయింది. అంద్రేయా పాల్మా గీసిన నమూనా ప్రకారం 1728లో ఇప్పటిది మొదలుపెట్టారు. ముందుకు పొడుచుకొచ్చిన స్తంభాలు, వాటి మధ్య లోతైన నీడలు, మెట్ల దగ్గర శిల్పి మరబిత్తి చెక్కిన పేతురు, పౌలు విగ్రహాలు. బరోక్ పనితనంలో ఇది మేటి. కానీ నేను సిసిలీకి వచ్చింది పక్కగోడ కోసం.

ఎడమవైపు సందు పేరు వీయా మినెర్వా. నాలుగడుగులు వేశామో లేదో అమ్మాయి నా చెయ్యి పట్టి ఆపింది. "నాన్నా, గోడలోంచి స్తంభాలు బయటికొస్తున్నాయి చూడు!"

ఎన్నేళ్లుగానో పుస్తకాల్లో చూస్తున్న దృశ్యం. అయినా గుండె ఝల్లుమంది. గ్రీకుల డోరిక్ స్తంభాలు సగం గోడలో, సగం వీధిలో. కింద పీఠమంటూ లేదు, అరుగు మీదినుంచే నేరుగా లేస్తాయి. ఒంటినిండా నిలువు గాళ్లు, నెత్తిన పళ్లెంలా విచ్చుకున్న బోదె. ఆ పైన గ్రీకుల దూలపు వరస కొంత మిగిలింది. దానికీ పైన కోటగోడకున్నట్టు రాతి పళ్లు. రాళ్లను దొంతరగా పేర్చి నిలిపిన స్తంభాలివి. ఒకచోట భూకంపాల తాకిడికి రాళ్లు పక్కకు జరిగి, గాళ్ల వరస కలవడం లేదు. వేలుతో పైనుంచి కిందికి తడుముకుంటూ వస్తే ఆ అతుకు దగ్గర వేలు తప్పింది. చీకటి పడేదాకా ఆ గోడ దగ్గరే ఉన్నాం.

అక్టోబరు 15, మంగళవారం. ఒర్తీజియా

పొద్దున్నే లోపలికి వెళ్లాం. జనం ఇంకా పెద్దగా రాలేదు.

కట్టడం సంగతి రాసుకోవాలి. క్రీ.పూ. 480లో హిమెరా దగ్గర కార్తేజ్ సేనను ఓడించాక, సిరాకూజా పాలకుడు గేలోన్ కాలంలో లేచిన అథీనా గుడి ఇది. ముందూ వెనకా ఆరేసి, పక్కలకు పద్నాలుగేసి స్తంభాలు. నడుమ నాలుగు గోడల గర్భాలయం, దాని చుట్టూ స్తంభాల నీడలో తిరిగే దారి. ఏడో శతాబ్దంలో బిషప్ జోసిమస్ దీన్ని చర్చిగా మార్చినప్పుడు మేస్త్రీలు చేసిన పని తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. బయటి స్తంభాల మధ్య ఖాళీలను గోడతో పూడ్చేశారు. గర్భాలయం పక్కగోడలను తొలిచి కమానులు తీశారు. దాంతో గర్భాలయం భక్తులు కూర్చునే నడిమి శాల అయింది, చుట్టూ తిరిగే దారి పక్క శాలలైంది. తూర్పున ఉన్న వాకిలి పడమటికి మారింది. గుడిని కూల్చలేదు, దాని మీద ఇంకొకటి కట్టలేదు. ఉన్నదాన్నే లోపలిది బయటికీ, బయటిది లోపలికీ తిప్పుకున్నారు.

878లో నగరం అరబ్బుల చేతికి చిక్కాక ఇది మసీదు. పదకొండో శతాబ్దంలో నార్మన్లు వచ్చాక మళ్లీ చర్చి. లోపల ఒకప్పుడు గచ్చుతో చేసిన బరోక్ అలంకారం నిండా ఉండేది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో దాన్ని ఒలిచేసి రాయిని బయటపెట్టారు. ఆ పనికి నా మనసు పూర్తిగా ఒప్పుకోదు. ఈ కట్టడం మీద ఏ కాలం వేసిన పొరైనా దానిదే. ఇప్పుడు కనిపించే బోసి గోడ గేలోనూ చూడలేదు, జోసిమసూ చూడలేదు.

కుడివైపు మొదటి చిన్న మందిరంలో బాప్తిస్మపు తొట్టి ఉంది. గ్రీకుల పాలరాతి పాత్ర అది, అంచున గ్రీకు అక్షరాలు ఇంకా ఉన్నాయి. దాన్ని ఏడు చిన్న కంచు సింహాలు మోస్తున్నాయి. అవి పదమూడో శతాబ్దం నాటివి. పక్కనే ఊరి రక్షక సాధ్వి సాంటా లూచియా మందిరం. ఆమె వెండి విగ్రహం ఏడాదిలో కొద్ది రోజులే బయటికొస్తుంది. డిసెంబరు 13న ఊరంతా దాని వెంట నడుస్తుందట.

రాత్రి, గదిలో

రోమన్ వక్త సిసెరో సంగతి రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు. క్రీ.పూ. 212లో రోమన్ సేనాని మార్సెల్లస్ సిరాకూజాను గెలిచాడు. ఆర్కిమెడిస్ చనిపోయింది ఆ పోరులోనే. అంత యుద్ధంలోనూ మార్సెల్లస్ ఈ గుడి జోలికి పోలేదు. నూటనలభై ఏళ్ల తర్వాత, శాంతి రోజుల్లో గవర్నరుగా వచ్చిన వెర్రెస్ దీన్ని నిలువునా దోచుకున్నాడు. గోడల మీది చిత్రాలు, తలుపులకున్న దంతపు పని, బంగారు బొడిపెలు, ఏదీ వదల్లేదు. క్రీ.పూ. 70లో సిసెరో అతని మీద నేరం మోపాడు. ఈ గుడిలో ఏముండేదో మనకు తెలియడం చాలావరకు ఆయన ఆరోపణల పుణ్యమే. ఆ తర్వాతి కాలంలో పౌలు ఖైదీగా రోమాకు వెళ్తూ ఈ రేవులో మూడు రోజులు ఆగాడని అపొస్తలుల కార్యముల్లో ఉంది. అప్పటికే ఈ స్తంభాలకు ఐదు వందల ఏళ్లు.

అక్టోబరు 17, గురువారం. అగ్రిజెంతో

కొండ మీద గ్రీకుల కంకోర్డియా గుడి. ఆరు, పదమూడు స్తంభాల వరస చెక్కుచెదరకుండా నిలిచింది. ఇదీ ఆరో శతాబ్దం చివర్లో చర్చి అయినదే. సిరాకూజాలో లాగానే స్తంభాల మధ్య గోడలు కట్టారు, గర్భాలయం గోడల్లో కమానులు తీశారు. 1788లో పాత రూపం తెస్తామని ఆ పూడ్చిన గోడలు తీసేశారు. తొలిచిన కమానులు మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటిలోంచి ఇప్పుడు ఆకాశం కనిపిస్తోంది.

"ఇదే అందంగా ఉంది కదా నాన్నా," అంది అమ్మాయి.

అందం మాట నిజమే. కానీ ఇక్కడ టికెట్టు తీసుకుని, తాడు ఇవతల నిలబడి చూసి వెళ్లిపోవాలి. సిరాకూజాలో పూజ జరుగుతోంది. అయితే ఒర్తీజియాలోనే ఉన్న అపోలో గుడి కూడా చర్చి అయింది, మసీదు అయింది, చివరికి స్పానిష్ సైనికుల బారకాసు అయింది. ఈరోజు దానికి మిగిలింది కొన్ని స్తంభాలు, ఒక గోడ ముక్క. కాబట్టి వాడుకలో ఉంటే చాలు, కట్టడం బతుకుతుందని తేల్చి చెప్పలేను. వాడుకునేవాళ్లు దాని ఎముకలు ఎరిగి వాడుకోవాలి. జోసిమస్ మేస్త్రీలు అలాగే వాడుకున్నారు. ఏ స్తంభం బరువు మోస్తోందో, ఏ గోడను తొలిస్తే కప్పు నిలుస్తుందో వాళ్లకు తెలుసు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. నా లెక్కలో సిరాకూజా కెథెడ్రల్ అసలు శిల్పులు వాళ్లే, పాల్మా తర్వాతివాడు. అక్కడికి వెళ్లేవాళ్లు ముందు వీయా మినెర్వా గోడ చూసి, ఆ తర్వాతే పడమటి మెట్లెక్కాలి.